అడుగు బిరడా



నా తమ్ముడు అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రములో కాపురమున్నాడు. నిరుడు నేనచ్చటికి పోయినపుడు వాని పాత చెవ్రొలెట్ పికప్ బండికి గేరుపెట్టె నూనె మార్చ నిద్దరమును పూనుకొంటిమి. ఆ బండి ఆటోమాటిక్కు. గేరులు తమంతట తామే మారును. దాని నూనె పలుచనిది, ఎఱ్ఱనిది. గేరుపెట్టె క్రింద నొక రేకు తొట్టిలో నిలుచును. ఆ తొట్టి కడుగున బిరడా లేదు. చుట్టునున్న 16 బోల్టులను విప్పి, తొట్టిని వంచి నూనె దింపవలెను. వంచునంతలో సగము పళ్లెములోను, సగము మా చొక్కాల మీదను బడినది. ఈ చాకిరికి వెఱచియే ఆరేండ్లుగా ఆ నూనెను ముట్టలేదని తమ్ముడు ఒప్పుకొనెను. దిగిన నూనె నల్లబడి మాడు వాసన కొట్టెను. రెండు మాసములకే గేరుపెట్టెను విప్పించి బాగుచేయింపవలసి వచ్చినది.

పిమ్మట బిరడాగల వేరొక తొట్టిని కొనదలచి వాడు నా సలహా నడిగెను. అట్టి తొట్టులు అచ్చటి అంగళ్లలో రేకువియు, పోత అల్యూమినియమువియు దొరకును. నేను చెప్పినదిది.

మొదట బిరడా ఎచ్చట నున్నదో చూడుము. అది తొట్టిలో నన్నిటికంటె పల్లమైన చోట నుండవలెను. అయినను రాయి తగులునట్లు క్రిందికి పొడుచుకొని రారాదు. రేకు తొట్టియైనచో మరలున్న చోట దళసరి ముక్క అతికియుండవలెను. పాత తొట్టికి రంధ్రము చేసి లోపల నట్టు బిగించు పద్ధతియు గలదు గాని, ఆ నట్టు లోపల ఎత్తుగా నిలిచి, మడ్డి నూనెను కొంత అడుగుననే నిలిపివేయును.

లోతు తొట్టులను చూచి మురియకుము. అందు నూనె యెక్కువ పట్టును, నిజమే. గాని వడపోత మూతి ఆ నూనెలో మునిగి యుండవలెను. అందులకు దానితో కూడ తగిన జోడింపు దొరకునేమో అడుగుము. బండి క్రింద నేలకు ఎడము తగ్గుటయు గలదు. వెలుపలి రెక్కలు చూపున కింపుగా నుండును గాని, నూనెను చల్లార్చు ప్రధానమైన పని కూలరుదే. బిగించునపుడు బలము చూపరాదు. రేకు అంచు వంగినను, అల్యూమినియము మర తెగినను నూనె కారుట తప్పదు.

బిరడా వలన నేమి లాభమని వాదించువారు కలరు. బిరడా విప్పినంత మాత్రమున టార్కు కన్వర్టరులోని నూనె దిగదు. అట్టి బండిలో సగమునకు పైగా లోపలనే యుండును. వడపోత మార్చుటకు తొట్టిని దింపక తప్పదు. ఈ మాటలు రెండును సత్యములే. అయినను ఖాళీ తొట్టిని దింపుట వేరు, నిండు తొట్టిని దింపుట వేరు. పని సులువైనచో మనుష్యుడు దానిని సకాలమున చేయును. బిరడాకు పెట్టిన వెల సోమరితనమును జయించుటకు పెట్టిన వెల యని నా అభిప్రాయము.

ఇక మన మాట. అచ్చటివారు వెల యిచ్చి కొనుచున్న ఈ సౌకర్యమును మన ట్రాక్టర్లకు కర్మాగారమువారే యిచ్చిరి. మన మెకానిక్కులు దానిని డ్రెయిన్ నట్టందురు. దానిని విప్పు వారెవ్వరు? దమ్ము చేయునపుడు చక్రములు బురదలో దిగబడి, అరిగిన సీళ్ల గుండ నీరు లోనికి పోవును. నూనె మజ్జిగవలె తెల్లబడును. అట్టి నూనెతోనే మరల రెండవ పంటకును దున్నుచున్నాము. సంఘపు ట్రాక్టరు గతి మఱియు కష్టము; అద్దెకు తీసికొనువారు పదుగురు, అడుగు చూచువా డొక్కడును లేడు. బేరింగులు పోయినపుడు మాత్రము ఖర్చు సభ్యులందఱి మీదను పడును.

కావున నా మనవి. దమ్ము ముగిసిన పిమ్మట ట్రాక్టరును రాత్రియంతయు కదల్పక నిలిపియుంచుడు. నీరు నూనె కంటె బరువు గనుక అడుగునకు చేరును. ఉదయమున ఇద్దరు సభ్యుల యెదుట బిరడాను కొంచెము వదులు చేయుడు. ముందుగా నీరు వచ్చినను, తెల్లని నూనె వచ్చినను, అంతయు దింపి క్రొత్తది పోయుడు. సీలును గూడ చూపింపుడు. బిరడాకు అయస్కాంతమున్నచో దానికంటిన సన్నని ఇనుప పొడిని తుడిచిన చాలును. పెచ్చులు కనబడినచో మెకానిక్కును పిలువుడు. వాషరు క్రొత్తది వేయుడు. దింపిన నూనెను డబ్బాలో పట్టుడు; కాలువలో గాని చేనిలో గాని పోయవలదు. తేదీయు, నడచిన గంటలును సంఘపు పుస్తకములో వ్రాయుడు.

ఒక్క పానాతో అరగంటలో తీరు పని యిది. దీనిని చేయని సంఘము క్రొత్త యంత్రమునకు అప్పు కోరుట న్యాయము కాదని నా తలంపు.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు