పిల్లల తీర్పు వినేదెవరు?

పిల్లల పుస్తకాలు రాసేదీ, ఎంపిక చేసేదీ, బహుమతులిచ్చేదీ పెద్దలే. చదివిన పిల్లల్ని మాత్రం 'నీతి ఏమిటి?' అని అడిగి ఊరుకుంటాం. ఏ పిల్లల్ని అడుగుతున్నామన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

1947లో మొదలైన 'చందమామ' తరతరాలకు చదువు రుచి చూపింది. కానీ ఆ రాజుల, పండితుల, వర్తకుల లోకంలో మాదిగవాడ బిడ్డకు తన ఇల్లు కనిపించడం అరుదు. 2008లో హైదరాబాదులోని 'అన్వేషి' సంస్థ చొరవతో వచ్చిన పిల్లల కథలు ఈ వెలితిని గుర్తించాయి. వాటిలో గోగు శ్యామల కథానాయిక భూస్వామి అఘాయిత్యాన్ని ఎదిరించి గెలిచే దళిత బాలిక. ఇటువంటివి పిల్లలకు తగవనే పెద్దలున్నారు. అనుభవించడానికి చాలిన వయసు చదవడానికి చాలదా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది పిల్లలే. గురుకులాల, ప్రభుత్వ పాఠశాలల గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసే ముందు అక్కడి విద్యార్థుల అభిప్రాయం తీసుకోవాలి. 'ఈ నవలలో మావాళ్లు లేరు', 'ఉన్నా నౌకర్లుగానే ఉన్నారు' అని ఒక బాలిక అంటే దాన్ని అల్లరిగా కాక సాహిత్య విమర్శగా స్వీకరించాలి. మెచ్చుకునే హక్కు ఒక్కటే ఇస్తే అది అభిప్రాయ స్వేచ్ఛ కాదు. నచ్చలేదని చెప్పగలిగిన పాఠకురాలే రేపు ప్రశ్నించే పౌరురాలవుతుంది.