సబ్‌కా మడిని పంచేద్దామంటున్నారు

పోయిన జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో మా తోట మష్వరా జరిగింది. ఒకటే ముచ్చట. తోట మధ్యలో ఉన్న ఉమ్మడి మడిని ముక్కలు చేసి ఇంటికింత పంచేయాలా, వద్దా? హాజరైన 17 మందిలో 14 మంది పంచేయాలని చేతులెత్తారు. నేను ఎత్తలేదు. అట్లని వద్దని కూడా అనలేదు. చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచి దిల్ కుదురుగా లేదు. అక్కడ నోటితో చెప్పలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నా.

మా తోట సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. పాలమూరులో మా మొహల్లాలో మసీదు వెనక నాలుగు గుంటల ఖాళీ జాగా ఉండేది. సర్కారు తుమ్మ, ప్లాస్టిక్ కవర్లు, పెళ్లిళ్లలో మిగిలిన ఇస్తరాకులు, రాత్రయితే కుక్కలు. జాగా యజమానులు గల్ఫ్‌లో ఉంటారు. నాలుగేళ్ల కింద సదర్ సాబ్ వాళ్లతో ఫోన్లో మాట్లాడితే, పక్కా కట్టడం కట్టకుండా మొహల్లా జనం కూరగాయలు వేసుకుంటామంటే ఐదేళ్లకు అభ్యంతరం లేదన్నారు. నోటిమాట కాకుండా కాగితం కూడా రాసిచ్చారు. ఇట్లాంటి పని మొదలుపెట్టాలనుకునే వాళ్లెవరైనా మొదట ఆ కాగితం చేసుకోండి. లేకపోతే మొక్క కాయ కాసే వేళకు తగాదా కూడా కాస్తుంది.

ఆ జాగాలో పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పున 20 మడులు చేశాం. ఇంటికొకటి, చిట్టీలు తీసి ఇచ్చాం. ఒక మూల ఎరువు గుంత, ఇంకో మూల నీళ్ల ట్యాంకు, పారలు దాచుకునే రేకుల షెడ్డు. మధ్యలో దాదాపు వెయ్యి చదరపు అడుగులు ఎవరికీ ఇవ్వకుండా ఉంచాం. పిల్లలు దానికి ‘సబ్‌కా మడి’ అని పేరు పెట్టారు. పెద్దవాళ్లం కూడా అదే అంటున్నాం.

సబ్‌కా మడిలో ఏముంటాయి? ఇంటి మడిలో పెట్టలేనివి. మునగ చెట్టు పెడితే పక్కింటి మడికి నీడ పడుతుంది. నిమ్మ, కరివేపాకు ఏళ్ల తరబడి జాగా ఆక్రమిస్తాయి. సొరకాయ తీగకు పెద్ద పందిరి కావాలి. ఇవన్నీ మధ్యలో పెట్టుకున్నాం. మునగ నీడలో పుదీనా పరిచాం, దానికి కొంత నీడ ఉంటే నయం. ఓ పక్కన అంబాడా, అదే మన గోంగూర. ఇందులో వచ్చేదంతా మడి లేని ఇళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు, రంజాన్‌లో మసీదు ఇఫ్తార్‌కు. మొహల్లాలో ఎవరింట మయ్యత్ అయినా దాల్చాలోకి సొరకాయలు ఇక్కణ్నుంచే పోయాయి.

రెండేళ్లు బాగా నడిచింది. తర్వాత ఇంటి మడులు పచ్చగా, సబ్‌కా మడి ఎండుగా తయారైంది. గడ్డి మోకాలెత్తు పెరిగింది. సొరకాయ పిందె మీదుండగానే ఎవరో కోసుకుపోతున్నారు. పోయిన ఎండాకాలం పట్టించుకోని బెండ మొక్కలకు పిండినల్లి పట్టి, అక్కణ్నుంచి చుట్టూ ఉన్న మడులకు పాకింది. పెరిగిపోయిన కొమ్మలు కత్తిరించి కాల్చి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొడితే గానీ తగ్గలేదు. ఆ కోపంతోనే పంచేద్దామన్న మాట పుట్టింది.

వాళ్ల మాటలో న్యాయం లేదనను. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నది మనం రోజూ చూసే సంగతే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని తెలుగులో సామెతే ఉంది. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇదే మాట పెద్ద వ్యాసంగా రాశాడు. ఉమ్మడి పచ్చికలో ఎవరికి వాళ్లు ఇంకో పశువును తోలుకుంటూ పోతే చివరికి అందరి పశువులూ మాడతాయన్నాడు. చాలామంది అక్కడికే చదివి పుస్తకం మూసేస్తారు.

తర్వాత ఎలినార్ ఆస్ట్రామ్ అనే ఆవిడ నేపాల్ కాలువల నుంచి స్విట్జర్లాండ్ కొండ పచ్చికల దాకా ఉమ్మడి ఆస్తుల్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. అన్నీ చావలేదు, కొన్ని వందల ఏళ్లుగా బతుకుతున్నాయని చూపించింది. 2009లో ఆవిడకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ శాస్త్రంలో అది అందుకున్న మొదటి ఔరత్ ఆవిడే. బతికినచోట ఏముందంటే: ఎవరి హిస్సా ఎంతో స్పష్టంగా ఉంది, కాయిదాలు వాడుకునే వాళ్లే పెట్టుకున్నారు, కాపలా వాళ్లదే, తప్పు చేస్తే మొదట చిన్న జుర్మానా తర్వాత పెద్దది, తగాదా తీర్చే చోటు దగ్గర్లోనే ఉంది.

ఆవిడ రాసిన వాటిల్లో స్పెయిన్‌లోని వలెన్సియా ఒకటి. అక్కడ ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పెద్ద చర్చి తలుపు ముందు నీళ్ల పంచాయితీ కూర్చుంటుంది. కాలువల తరఫున రైతులు ఎన్నుకున్న వాళ్లే ఖాజీలు. వకీళ్లు లేరు, అంతా నోటిమాటే, ఫైసలా అక్కడికక్కడే. ఆ కాలువల ఏర్పాటు అందలూసియా ముస్లింల కాలంలో పెరిగింది. స్పానిష్‌లో కాలువను అసేకియా అంటారు, అరబ్బీ సాఖియా నుంచి వచ్చింది. మన సాఖీ కూడా ఆ ధాతువు నుంచే పుట్టాడు. మన పెద్దల ఘనత చెప్పుకుని మురవడానికి కాదు ఇది రాసింది. పొలాలు ఎవరివి వాళ్లవే, నీళ్లు మాత్రం అందరివీ. రెండూ ఒకే చోట బతకగలవని చెప్పడానికి.

మా తోటలో జరిగింది సరిగ్గా దీనికి ఉల్టా. ఇంటి మడికి యజమాని ఉన్నాడు, సబ్‌కా మడికి కాయిదా లేదు. ‘టైమున్న వాళ్లు చూసుకోండి’ అన్నాం. టైము ఎవరికీ ఉండదు. కాయిదా పెట్టడం మర్చిపోయిన తప్పుకు మడిని శిక్షించడం ఏం ఇన్సాఫ్?

పంచేస్తే ఏమవుతుందో కూడా చూడండి. వెయ్యి అడుగులు 20 ఇళ్లకు పంచితే ఇంటికి 50 అడుగులు. నాలుగు కట్టల తోటకూర ఎక్కువొస్తుంది. దానికోసం మునగ, నిమ్మ కొట్టేయాలి. పిండినల్లి ఆగుతుందా? మనం కట్టిన సుతిలితాడు చూసి పురుగు వెనక్కి పోదు. నీళ్లు పెరుగుతాయా? బోరు అదే.

పోయేది మాత్రం ఉంది. మా గల్లీ చివర కిరాయి ఇంట్లో ఒక ఖాలా ఉంటుంది. మడి తీసుకోమంటే ‘నా మోకాళ్లతో నాకెందుకు బేటా’ అంది. కానీ రోజూ అసర్ తర్వాత వచ్చి మునగ నీడలో కూర్చుంటుంది. పుదీనా తుంచుతుంది, అంబాడా విత్తనాలు ఎండబెట్టి గుడ్డలో మూటకట్టి దాస్తుంది. నాలుగేళ్లలో మేం గోంగూర విత్తనం కొనలేదంటే ఆవిడ పుణ్యమే. అన్నీ ఇంటి మడులైపోతే ఖాలా ఎవరి మడిలో కూర్చుంటుంది? పక్క గల్లీలో బర్రెలున్న అక్క ప్రతి నెలా రెండు బండ్ల పేడ ఇస్తుంది, పైసా తీసుకోదు. వాళ్లింటికి పోయే ములక్కాడలు సబ్‌కా మడివే. జాగా ఇచ్చిన వాళ్లు కూడా మొహల్లా కోసమని ఇచ్చారు, 20 ఇళ్ల కోసమని కాదు. కాగితంలో ఆ మాటే ఉంది. అది మన దగ్గరున్న అమానత్.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయకుండా పైదంతా రాస్తే మునాఫిఖత్ అవుతుంది.

వజూ నీళ్లు నాలీలోకి పోకుండా పైపు వేసి ట్యాంకులోకి మళ్లించాం. కుళాయి పూర్తిగా విప్పి వజూ చేస్తే అయిదారు లీటర్లు ఇట్టే పోతాయి. ప్రవక్త (స) ఒక ముద్‌తో, అంటే లీటరు కూడా లేని నీళ్లతో వజూ చేసేవారని హదీసుల్లో ఉంది. మన దుబారా అంతా ట్యాంకులోకి వస్తుంది కాబట్టి తోట బతికింది. సబ్బు నీళ్లు కలవకుండా చూసుకుని మొదళ్లకు పోస్తే మొక్కకు ఏ నష్టం లేదు. అయితే పోయిన ఎండాకాలం బోరు దిగిపోయి ఆ ట్యాంకు ఒక్కటే దిక్కయింది. నేను ఫజర్ నమాజుకు వచ్చి, అందరూ వెళ్లాక, నా మిరప మొక్కలకు ముందు నాలుగు బకెట్లు పోసుకునేవాణ్ని. ఎవరూ చూడలేదు. సబ్‌కా మడిలో పుదీనా ఎండిపోయింది. అది చూసి ‘జనానికి జిమ్మేదారీ లేదు’ అని సదర్ సాబ్‌తో షికాయత్ చేసింది కూడా నేనే. మష్వరాలో నా నోరు లేవకపోవడానికి అసలు కారణం అది.

నీళ్ల తగాదా కొత్తది కాదు. మదీనాలో హజ్రత్ జుబైర్‌కు, ఒక అన్సారీకి కాలువ దగ్గర గొడవ వచ్చింది. ప్రవక్త (స) మొదట ఇద్దరికీ మేలైన రాజీ చెప్పారు, నీ చెట్లకు పెట్టుకుని పక్కవాడికి వదులు అని. అవతలి మనిషి దాన్ని పక్షపాతమన్నాక జుబైర్‌కు పూర్తి హక్కు ఇప్పించారు. నాకర్థమైంది ఏమిటంటే, ముందు రాజీ, ఆ తర్వాత కాయిదా. మా తోటలో రెండూ లేవు.

కాబట్టి నేను అడిగేది ఇది. పంచేముందు ఒక్క ఏడాది కాయిదాతో నడిపి చూద్దాం. వారానికి రెండు ఇళ్ల వంతు, షెడ్డు తలుపు మీద సుద్దతో పేర్లు. ట్యాంకు నీళ్లు ముందు సబ్‌కా మడికి, తర్వాత వరసగా ఇంటి మడులకు. సబ్‌కా మడిలో కోత వంతు వాళ్లదే, అసర్ తర్వాతే. తూచి రిజిస్టర్లో రాసి, ఎవరికిచ్చారో కూడా రాయాలి. మూడు వారాలు మడి వైపు రాని ఇంటికి ముందు సలాం చెప్పి పోదాం, జబ్బో, ఇంట్లో పరేషానీయో ఉండొచ్చు. మనమే నాలుగు రోజులు నీళ్లు పోద్దాం. రెండు నెలలైనా రాకపోతే ఆ మడి వరసలో ఉన్న ఇంకో ఇంటికి. ఈ కాయిదా నాక్కూడా. నా నాలుగు బకెట్లకు జుర్మానాగా మొదటి రెండు వారాల వంతు నాదే.

ఇంకొక మాట ఉంది, అది నాది కాదు, మా ఘర్‌వాలీది. జుమా రోజు ఇంటికొచ్చి 14 చేతులు లేచాయని చెప్తే, రొట్టెలు కాలుస్తూ అడిగింది, ‘ఆ చేతుల్లో గడ్డి పీకిన చేతులెన్ని జీ?’ అని. లెక్కపెట్టాను. మూడు. మా తోటలో పొద్దున కలుపు తీసేది, సాయంత్రం నీళ్లు పోసేది, పురుగు మొదట చూసేది ఆడవాళ్లు. మష్వరా మాత్రం జుమా తర్వాత, మసీదు వరండాలో, మగవాళ్ల మధ్య. కలుపు తీసేవాళ్లను అడగకుండా మడిని పంచేదెట్లా?

సదర్ సాబ్‌కు ఫోన్ చేసి చెప్పాను. నా బకెట్ల సంగతి కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నేను కూడా ఒకసారి రెండు సొరకాయలు తీసుకుపోయానులే’ అన్నారు. ఈ ఆదివారం అసర్ తర్వాత తోటలోనే, ఆడవాళ్లందరితో మళ్లీ కూర్చుందామని ఒప్పుకున్నారు. అక్కడ అందరి రాయ్ తీసుకుని, అప్పటికీ పంచేద్దామనే ఫైసలా అయితే తాడు, మేకులు నేనే పట్టుకొస్తాను. మునగ చెట్టు కొట్టడానికి మాత్రం నన్ను పిలవకండి.

మొహల్లా వాళ్లంతా రండి. మడి లేని వాళ్లు కూడా రండి, ఇది మీ మడి గురించే. ఖాలాకు కుర్చీ నేను తెస్తాను.