చేత్తో చేసిస్తే చిన్నతనమా?

మన ఇళ్ల మధ్య తిరిగే జాకెట్టు ముక్కకి ఉన్నన్ని కాళ్లు జెర్రికి కూడా ఉండవు. శ్రావణ శుక్రవారం నాడు ఒకరింట్లో తాంబూలంతో బయల్దేరుతుంది. అక్కణ్ణించి ఇంకో పేరంటానికి, అక్కణ్ణించి సీమంతానికి, ఆ తరవాత గృహప్రవేశానికి... మడత విప్పకుండా ఏడాదంతా ఊరు చుట్టేసి, ఒక్కోసారి మొదట పెట్టినావిడ చేతికే వచ్చి చేరుతుంది. బట్టల కొట్లో 'పెట్టుబడి చీరలు' అని అడిగితే చాలు, విడిగా ఒక కట్ట తీసి ముందు పడేస్తారు. కట్టుకునే చీర వేరు, పెట్టే చీర వేరు! గోడ గడియారాలూ, గాజు గ్లాసుల సెట్లూ, ప్లాస్టిక్ డబ్బాలూ అంతే. బీరువా మీద కాసేపు విశ్రాంతి తీసుకుని మరో ఇంటికి ప్రయాణం కడతాయి.

సున్నుండల డబ్బా ఎప్పుడైనా ఇలా ప్రయాణం చేయగా చూశారా? ఎవరి కోసం చేశామో వాళ్లింట్లోనే మూత తెరుచుకుంటుంది. "మీ చేతి సున్నుండలు మా వాడు రెండ్రోజుల్లో ఖాళీ చేసేశాడండీ" అన్న మాట మనకి తిరిగొస్తుంది. ఇచ్చినందుకు అంతకంటే ఏం కావాలి?

కానీ ఈ మధ్య చేత్తో చేసి ఇవ్వడమంటే మనకి మొహమాటం పట్టుకుంది. 'కొనలేక చేసిందనుకుంటారేమో' అన్న భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. మా బంధువుల ఇంట్లో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. ఒకావిడ తను గుచ్చిన పూసల తోరణం తెచ్చి గుమ్మానికి కట్టింది. చిలకలూ, మామిడి పిందెలూ, మధ్యలో గంటలూ ఎంత ముచ్చటగా ఉందో! ఆవిడ అటు వెళ్లగానే పక్కనున్నవాళ్లు "ఖర్చు లేకుండా కానిచ్చేసింది" అని నవ్వుకున్నారు. పూసల ఖరీదు తక్కువే కావచ్చు. పనంతా అయ్యాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా దొరికే ఆ గంటసేపు వంచిన మెడ ఎత్తకుండా ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుందో ఆ మధ్యాహ్నాలకి ఖరీదు లేదా? ఆ మాటన్నది మగవాళ్లయితే తెలియక అన్నారనుకుందును. అన్నది మనమే.

ఆడవాళ్ల చేతిపనికి విలువ కట్టకపోవడం మనింటి గుమ్మంతో ఆగదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు సంగతే తీసుకోండి. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా అరుగుల మీద కూర్చుని అల్లే ఆ లేసు విదేశాలకి ఎగుమతవుతుంది. మేరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ అల్లేవాళ్ల బతుకుల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వాళ్లని పనివాళ్లుగా కాక గృహిణులుగానే లెక్కేశారనీ, వాళ్ల పని తీరిక వేళ కాలక్షేపం కింద జమ అయిపోయిందనీ, అందుకే కూలి అంత తక్కువగా ఉండిపోయిందనీ ఆవిడ చూపించింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లికకి గుర్తింపు వచ్చింది సరే, అల్లిన చేతికి? "ఖర్చు లేకుండా కానిచ్చేసింది" అన్న మాటకీ, ఆ కూలి లెక్కకీ మూలం ఒక్కటే.

తమాషా ఏమిటంటే, కొట్లో కొని గొప్పగా తీసుకెళ్లేవి కూడా ఎవరో ఒక ఆడమనిషి చేత్తో చేసినవే. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులనే చూడండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండ మీద లాగి ఒక్కో రేకూ తీసేది ఇళ్లల్లో ఆడవాళ్లే. అట్టపెట్టెలో పెట్టి పైన పేరచ్చు వేయగానే అది గొప్ప కానుక. మనం డబ్బాలో పెట్టి ఇస్తే చిన్నతనమా?

"తీరికేదండీ, ఉద్యోగాలు చేసుకునేవాళ్లం?" అంటారు. నిజమే. అందుకే అన్నీ చేయమనడం లేదు. మీ చేతికి బాగా వచ్చిన ఒక్కటి చాలు. సున్నుండలకి గ్లాసు మినప్పప్పుని సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక పొడి కొట్టి, ముప్పావు గ్లాసు బెల్లం తురుము కలిపి, ఉండ కట్టడానికి సరిపడా కరిగిన నెయ్యి పోస్తే అయిపోయింది. గంటలో పదిహేను ఉండలు దాకా వస్తాయి. తడి తగలనివ్వకపోతే రెండు వారాలు నిక్షేపంగా ఉంటాయి.

షుగరున్న పెద్దవాళ్లింటికి మాత్రం స్వీటు తీసుకెళ్లి "ఒక్కటి తింటే ఏం కాదు బాబాయిగారూ" అని బలవంతం చేయకండి. బెల్లం కదా అని సర్దిచెప్పకండి, షుగరుకి బెల్లమైనా పంచదారైనా ఒకటే. వాళ్లకి కరివేపాకు కారం చేసివ్వండి. ఆకు కడిగి, గుడ్డ మీద నీడన ఆరబెట్టి, మినప్పప్పు, శనగపప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు వేయించి, చిన్న చింతపండు రెబ్బా ఉప్పూ వేసి కొట్టుకోవడమే. ఆకులో గానీ సీసాలో గానీ తడి మిగిలితే బూజు పడుతుంది, అదొక్కటీ చూసుకోండి. సీసా మీద చిన్న కాగితం అంటించి ఏం వేశారో, ఏ రోజు చేశారో రాయండి. వేరుశనగలూ, జీడిపప్పూ, నువ్వులూ పడనివాళ్లుంటారు.

వంట మీద మనసు పోనివాళ్లకి సూదీ దారం ఉన్నాయి. చీర చిరిగినా పట్టు అంచు చిరగదు. ఆ అంచు పెట్టి తాంబూలం సంచి కుడితే, ప్లాస్టిక్ కవరు పని తప్పుతుంది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నేతచీర నాలుగు మడతలు వేసి, వరసగా కుట్లు వేస్తే పసిపిల్లల బొంత. మా అమ్మమ్మ చీరతో అమ్మ కుట్టిన బొంత మా పిల్లలిద్దర్నీ దాటి, ఇప్పుడు మా మరిది కూతురి ఉయ్యాల్లో ఉంది. చూశారా, అదీ చేతులు మారింది! కాకపోతే వదిలించుకోవడానికి ఎవరూ ఇవ్వలేదు, కావాలని అడిగి తీసుకెళ్లారు.

ఇంతదాకా చదివి "ఇప్పటికే నడుం విరుగుతోంది, ఈవిడ ఇంకో చాకిరీ నెత్తికెత్తుతోంది" అని ఎవరైనా విసుక్కుంటే నేను తప్పుపట్టను. అందుకే ఒక గీత గీసుకుందాం. సారె పేరుతో ఇన్ని లడ్డూలూ ఇన్ని అరిసెలూ ఇన్ని కాజాలూ అని వియ్యాలవారు లెక్కపెట్టి పుచ్చుకునేది కానుక కాదు, బాకీ. ఇంట్లో చేసినా, మిఠాయి కొట్లో ఆర్డరిచ్చినా ఆడపిల్ల తల్లికి అది భారమే. నేను చెబుతున్నది ఎవరూ అడగనిదీ, ఎవరూ లెక్కపెట్టనిదీ. "మా ఆఫీసులో నలభై మందికీ నీ జంతికలంటే ప్రాణం" అని ఇంటాయన మురిసిపోతే, జంతికల గొట్టం ఆయన చేతికిచ్చి మీరు వాయి తీయండి. మగపిల్లల చేత ఉండలు కట్టించండి, కాగితాలు అతికించండి. స్నేహితుడికి తన చేత్తో చేసివ్వడంలో ఉన్న సంతోషం వాడికి మాత్రం అక్కర్లేదా?

ఇంకో మాట. మీ కారప్పొడి బావుందని ఎవరైనా "పెళ్లికి ఐదు కేజీలు చేసి పెట్టమ్మా" అంటే, అప్పుడు సరుకుల ఖరీదుతో పాటు మీ శ్రమకీ ధర చెప్పండి. మొహమాటపడకండి. అభిమానంతో ఇచ్చే డబ్బా వేరు, పనిగా చేసే ఐదు కేజీలు వేరు. ఈ రెండూ కలిపేసినందుకే కదా ఆడవాళ్ల పని ఉచితం అన్న పేరు పడింది! ఎక్కడ ఊరికే ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వకూడదో తేల్చుకునే హక్కు చేసిన చేతిదే.

ఇక పుచ్చుకునేవాళ్లకీ ఒక బాధ్యత ఉంది. "ఎందుకమ్మా ఈ శ్రమ, కొట్లో దొరుకుతాయిగా" అనకండి. మర్యాదకే అన్నా, చేసిన మనిషి మనసు చివుక్కుమంటుంది. అక్కడే మూత తీసి ఒకటి నోట్లో వేసుకోండి. బాగుంటే ఎలా చేశారో అడగండి. పక్కింటి నుంచి వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మన పెద్దవాళ్లు ఓ పద్ధతి పెట్టారు. ఏమీ లేకపోతే చారెడు పంచదారైనా పోసి పంపేవారు. పంచదారకి ఎవరూ మొహం వాచి లేరు. నువ్వు నాకోసం చేశావు, నాకు తెలిసింది అని చెప్పడానికి అదొక వంక. వచ్చే పండక్కి ఎవరింటికైనా ఓ గిన్నె పంపించి చూడండి. అది ఖాళీగా మాత్రం తిరిగి రాదు.