కణం నేర్పే నిగ్రహం

ఒక గ్రంథంలోని వాక్యం తనంత తానుగా పుట మారితే అర్థం తారుమారవుతుంది. జీవకణంలో ఇటువంటి వింత నిజంగానే జరుగుతుంది. జన్యుపదార్థమైన డి.ఎన్.ఏ.లోని కొన్ని భాగాలు ఉన్నచోటు విడిచి వేరొకచోట చేరగలవు. మరికొన్ని తమ నకలును తయారుచేసి, దానిని మరొకచోట నిలుపగలవు. ఇవే ట్రాన్స్‌పోజాన్లు, అనగా గెంతే జన్యువులు.

అమెరికా శాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ 1940వ దశకంలో మొక్కజొన్న గింజలపై రంగుమచ్చలను పరిశీలించి వీటిని కనుగొన్నారు. రంగునిచ్చే జన్యువులో ఇటువంటి భాగం చొరబడితే గింజ వన్నె కోల్పోతుంది. కొన్ని కణాల్లో అది తొలగిపోతే అక్కడ మచ్చలుగా రంగు తిరిగి వస్తుంది. 1951లో ఆమె ఈ విషయాన్ని విద్వత్సభలో వివరించినప్పుడు తగిన ఆదరణ లభించలేదు. జన్యువులు దండలోని పూసల వలె స్థిరమైనవని నాటి విశ్వాసం. ఆమెకు నోబెల్ బహుమతి 1983లో గాని రాలేదు.

ఈ గెంతులు ప్రమాదకరం కూడా. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే జన్యువులో ఇటువంటి భాగం చొరబడి, హీమోఫీలియా వ్యాధిని కలిగించినట్లు 1988లో వెల్లడైంది. మానవ జన్యురాశిలో దాదాపు సగం వీటి నుండి వచ్చినదే! అయినా మనం క్షేమంగా ఉండడానికి కారణాలు రెండు. వీటిలో అధికభాగం కాలక్రమంలో శిథిలమై కదిలే శక్తిని కోల్పోయాయి. శక్తి మిగిలిన వాటిని కణం అదుపులో ఉంచుతుంది.

ఆ అదుపు విధానం గమనింపదగినది. కణం డి.ఎన్.ఏ.పై మిథైల్ గుర్తులను ఉంచుతుంది. హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ దానిని బిగుతుగా చుట్టి, చదివే వీలు లేకుండా చేస్తుంది. బీజకణాల్లో సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లు ఈ భాగాలను గుర్తుపట్టి అణచివేస్తాయి. ఇక్కడ అక్షరం చెరగదు, పఠనం మాత్రమే ఆగుతుంది. కణం విభజన చెందినప్పుడు మిథైల్ గుర్తులు పిల్లకణాలకూ సంక్రమిస్తాయి. ఇదే ఎపిజెనెటిక్ నియంత్రణ. అనేక క్యాన్సర్లలో ఈ కట్టడి సడలినట్లు పరిశోధకులు గుర్తించారు.

ఈ భాగాలను కొందరు 'వ్యర్థ డి.ఎన్.ఏ.' అని కొట్టివేశారు. ఆ తీర్పు తొందరపాటని నా అభిప్రాయం. తల్లి గర్భంలో శిశువును పోషించే మాయ ఏర్పడడానికి సిన్‌సైటిన్ అనే ప్రోటీన్ అవసరం. దాని జన్యువు ప్రాచీనకాలంలో మన పూర్వజీవుల్లో చేరిన ఒక వైరస్ నుండి సంక్రమించినదే. నేడు మౌనంగా ఉన్నవన్నీ రేపు ఉపయోగపడతాయని చెప్పలేము. కణం ముందుచూపుతో వాటిని దాచిందనీ అనలేము. అయితే తుడిచివేయక అదుపులో ఉంచినందువల్లనే, వాటిలో కొన్ని కాలాంతరంలో జీవికి ఉపకరించాయి.

మెక్‌క్లింటాక్ మాటకు జరిగిన ఆలస్యమూ, ఈ 'వ్యర్థం' అనే ముద్రా ఒకే లోపం నుండి పుట్టాయి. అర్థం కానిది నిరర్థకమనుకోవడమే ఆ లోపం. దానిని విడిచినవారే విజ్ఞానానికి నిజమైన వారసులు.