ఆసుపత్రి నుండి ఇంటికి

మన చౌడేపల్లె, పుంగనూరు ప్రాంతమున ఎవరికైనను పెద్ద ఆపరేషను అవసరమైనచో తూర్పున తిరుపతికో, ఆగ్నేయమున వేలూరుకో, పడమట బెంగుళూరుకో పోవలసినదే. పోవుటకు ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచింతురు. ఏ ఆసుపత్రి మంచిది, ఏ డాక్టరుది హస్తవాసి మంచిది, ఎంత సొమ్ము కావలెను, తోడుగా ఎవరు ఉండవలెను అని పదిమందిని అడుగుదురు. ఆ ఆలోచన అంతయు పోవుటను గూర్చియే. కుట్లు ఇంకను మానని శరీరముతో నూరు కిలోమీటర్లకు పైబడిన దారిని ఎట్లు తిరిగి రావలెనన్నది మాత్రము, డిశ్చార్జి కాగితము చేతికందిన తరువాత, ఆసుపత్రి గేటు ముందర, ట్యాక్సీ డ్రైవరుతో బేరమాడుచు తేల్చుకొను విషయమైనది. తిరుగు ప్రయాణము చికిత్సలో భాగమనియు, దానిని ఆపరేషనుకు ముందే నిర్ణయించుకొనవలెననియు మా అభిప్రాయము.

ఒకప్పుడు ఈ ప్రశ్న ఇంత తీవ్రముగా లేదు. మదనపల్లె సమీపమున 1915లో వెలసిన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమునే తలచుకొందము. నాటికి క్షయకు సరియైన మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారము, ఇవియే మందులు. రోగి నెలల తరబడి అక్కడనే ఉండవలసివచ్చెడిది. ఇంటికి పోవు దినమునకు తన కాళ్లపై తాను నడువగలిగిన స్థితిలో ఉండెడివాడు. నేడు గుండె ఆపరేషను జరిగినవారిని సైతము, ఏ చిక్కును లేనిచో, వారము పది దినములలో పంపివేయుచున్నారు. ఇది తప్పు కాదు. ఆసుపత్రిలో ఎక్కువ దినములుండుట వలన క్రొత్త అంటువ్యాధులు సోకు ప్రమాదము కలదు. అయితే కోలుకొనుటలో సగభాగము ఆసుపత్రి మంచము నుండి రోడ్డు మీదికిని, ఇంటికిని మారినదని మనము గ్రహింపలేదు.

డిశ్చార్జి నాడు మనవారు డాక్టరును అడుగు ప్రశ్న ఒక్కటే: “ఇంటికి పోవచ్చునా సార్?” పోవచ్చునని ఆయన చెప్పును. దానితో సంభాషణ ముగియును. కూర్చుండి పోవలెనా, పడుకొని పోవలెనా, దారిలో ఎన్నిసార్లు ఆగవలెను, ఏ మాత్ర వేసుకొని బయలుదేరవలెను, నడుమ నొప్పి హెచ్చినచో ఏ ఊరిలో ఆగవలెను అని అడుగువారు అరుదు. అడిగినచో చెప్పని డాక్టరు ఉండడు. ఈలోగా బంధువులు రెండు కార్లలో దిగుదురు. వారి అభిమానమును మేము కాదనము. కాని తొమ్మిదిమంది వచ్చి రోగిని వెనుక సీటులో ఇద్దరి నడుమ ఇరికించి తీసికొనివచ్చిన సందర్భమును మేమెరుగుదుము. ఆ రెండవ కారుకైన సొమ్ముతో రోగిని మరి రెండు దినములు ఆసుపత్రి చెంతనున్న లాడ్జిలో ఉంచి, నెమ్మదిగా తీసికొనిరావచ్చును. ఆగుట కూడ ప్రయాణ విధానములలో ఒకటి. మనవారు దానిని లెక్కలోనికే తీసికొనరు.

ఇక దేనిలో రావలెను? మనవారు కిలోమీటర్లను, చార్జీలను లెక్కింతురు. మేము వేరొక లెక్కను సూచింతుము. రోగి ఎన్నిసార్లు ఎక్కవలెను, ఎన్నిసార్లు దిగవలెను? వేలూరు నుండి వచ్చువారికి రైలు సుఖమని చాలమంది తలంపు. కాట్పాడిలో రైలెక్కి కుప్పములో దిగవచ్చును. లేదా చిత్తూరు, పాకాల మీదుగా పీలేరులో దిగవచ్చును. పట్టాల మీద కుదుపు తక్కువ, నిజమే. అయితే ఆసుపత్రి నుండి కాట్పాడికి ఒక బండి, స్టేషనులో మెట్ల వంతెన, రైలు ఎక్కుట, దిగుట, కుప్పము నుండి వి.కోట, పలమనేరు మీదుగా మరల రోడ్డు ప్రయాణము. కడపట పుంగనూరులో షేరు ఆటో ఎక్కినచో చెప్పనక్కరలేదు. ఇన్నిసార్లు ఎక్కి దిగుటకంటె, ఆసుపత్రి వాకిట ఎక్కి ఇంటి వాకిట దిగు కారే వేలూరు దారికి మేలు. చిత్తూరు దాటిన పిమ్మట మొగిలి కనుమ ఉన్నది. తిరుపతి నుండి వచ్చువారికి భాకరాపేట కనుమ ఉన్నది. మలుపులలో వాంతి అయినచో కడుపు కుట్లపై ఎంత ఒత్తిడి పడునో అనుభవించినవారికే తెలియును. వాంతిని అరికట్టు మాత్రను ముందుగానే అడిగి ఉంచుకొనుట మంచిది. బెంగుళూరు నుండి కోలారు, ముళబాగిలు మీదుగా వచ్చు దారిలో కనుమల బాధ లేదు. అచ్చట బాధ అంతయు నగరము దాటుటలోనే. తెల్లవారుజామున బయలుదేరినవాడు ధన్యుడు.

శరీరములో కత్తి పడిన చోటును బట్టి బండిని ఎంచుకొనవలెను. రొమ్ము ఎముకను కోసి గుండె ఆపరేషను చేసినచో ఆ ఎముక అతుకుటకు ఆరు నుండి ఎనిమిది వారములు పట్టును. అట్టివారు బస్సులో పైకమ్మిని పట్టుకొని వ్రేలాడరాదు, సంచులు మోయరాదు. కారులో ముందు సీటుకంటె వెనుక సీటు మేలు. రొమ్మునకును బెల్టునకును నడుమ ఒక చిన్న దిండు ఉంచుకొనవలెను. దిండు అడ్డుపెట్టుకొమ్మన్నారు గాని బెల్టు మానుమనలేదు. తుంటి కీలు మార్చినవారికి పల్లపు సీటు పనికిరాదు. మోకాలు తుంటికంటె పైకి లేచినచో క్రొత్త కీలు తప్పిపోవు భయము కలదు. చిన్న కారు, ఆటో అట్టివారికి శత్రువులు; ఎత్తైన సీటు గల పెద్ద బండి కావలెను. ఏ ఆపరేషను అయినను, కదలక గంటల తరబడి కూర్చున్నచో కాలి నరములలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరు ప్రమాదము ఉన్నది. గంటకో, రెండు గంటలకో ఒకసారి బండి ఆపి నాలుగడుగులు నడిపింపవలెను. అంబులెన్సు మాట కూడ చెప్పవలెను. ప్రాణవాయువు కావలసినవారికి, కూర్చుండలేనివారికి అది తప్పదు. తక్కినవారికి వెనుక చక్రముల మీది స్ట్రెచరుకంటె మంచి కారు సీటే సుఖము. ఊరిలో అంబులెన్సు దిగినచో నలుగురు ఏమనుకొందురో అన్న సంకోచము, దిగినచో గొప్ప అన్న భావము, రెండును వ్యర్థమైనవే.

హైదరాబాదు వంటి దూరమునకు ఈ లెక్క తారుమారగును. అచ్చట రాత్రి బస్సులోని పై బెర్తుకంటె రైలులోని క్రింది బెర్తు వేయి విధముల మేలు. పడుకొనవచ్చును, లేచి నడువవచ్చును, మరుగుదొడ్డి దగ్గరనే ఉండును. రైల్వేవారు గుండె ఆపరేషనుకు పోవు రోగికిని, తోడు ఒకరికిని స్లీపరు, మూడవ తరగతి ఏ.సి.లలో చార్జీలో 75 శాతము తగ్గింతురు. క్యాన్సరు రోగికి ఆ తరగతులలో పూర్తిగా ఉచితము. 2020 మార్చిలో పెక్కు రాయితీలను నిలిపివేసినప్పుడు కూడ రోగుల రాయితీలను తొలగింపలేదు. ఆసుపత్రివారు నిర్ణీత నమూనాలో ఇచ్చు సర్టిఫికెట్టును రిజర్వేషను కౌంటరులో చూపవలెను. డిశ్చార్జి నాటి తొందరలో ఈ కాగితము ఎవరికి గుర్తుండును? చేరిన నాడే అడుగవలెను.

మన మదనపల్లె, పుంగనూరు ముస్లిము కుటుంబములలో కువైటులోనో, సౌదీలోనో పనిచేయు అన్నయో, బావయో లేని ఇల్లు తక్కువ. అచ్చట ఆపరేషను జరిగినచో వెంటనే విమానమెక్కి అమ్మ చెంతకు రావలెనని ఎవరికి ఉండదు? విమానము లోపలి గాలి ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండ మీది గాలివలె పలుచనై ఉండును. శరీరములో చిక్కుకొన్న వాయువు అప్పుడు ఇంచుమించు 30 శాతము వ్యాకోచించును. ప్రేగు కుట్టిన కడుపునకు, రొమ్ము తెరచిన దేహమునకు ఇది చేటు. అట్టి పెద్ద ఆపరేషను తరువాత సుమారు 10 దినములు ఆగవలెనని బ్రిటిషు పౌర విమానయానశాఖ సూచన. కంటిలో వాయువు నింపి రెటీనాను సరిచేసినచో, ఆ వాయువు పూర్తిగా పోవువరకు, వారములైనను విమానము ఎక్కరాదు.

ప్రభుత్వము ఏమి చేసినదని అడుగవచ్చును. రోగిని ఆసుపత్రికి చేర్చుటకు 2005లో 108 వచ్చినది. ప్రసవించిన తల్లిని, బిడ్డను ఇల్లు చేర్చుటకు తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ వచ్చినది. మరణించినవారిని చేర్చుటకు మహాప్రస్థానము బండ్లు వచ్చినవి. ఆపరేషను చేయించుకొని బ్రదికియున్నవానికి మాత్రము అట్టి బండి లేదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో తిరుగు చార్జీని చేర్చిరి. సంతోషమే. కాని బస్సు చార్జీ చేతిలో పెట్టినంతమాత్రమున రొమ్ము కుట్లు గలవాడు బస్సెక్కగలడా?

ఈ ఖాళీని పూరించుటకు మన కళాశాల కమిటీ పూనుకొనవచ్చునని మా విన్నపము. షరీయతు రోగికిని, ప్రయాణికునికిని ఉపవాసమును వాయిదా వేసుకొను వెసులుబాటు ఇచ్చినది. ప్రయాణికునికి నమాజును తగ్గించినది. ఆపరేషను జరిగి ఇంటికి మరలువాడు ఏకకాలమున రోగియు, ముసాఫిరును. జకాతు పొందదగిన ఎనిమిది వర్గములలో ‘ఇబ్నుస్సబీల్’, అనగా దారిలో చిక్కుపడిన బాటసారి, ఒకడు. మన ఊరి మసీదుల ముంగిట రంజాను నెలలో ఎందరికో జకాతు అందును. ఈ బాటసారి మాత్రము అక్కడ కనబడడు. అతడు వేలూరు వార్డులో ఉండును. అతని కొరకు జకాతు నుండి కొంత వేరుపరచుట ధర్మమునకు తగియే యుండును. హిందూ సోదరులలోని పేదరోగుల కొరకు సాధారణ విరాళముల నుండి మరియొక భాగము కేటాయింపవలెను. రోడ్డు గుంతకు మతభేదము తెలియదు.

విద్యార్థులకు కూడ ఇందులో పని ఉన్నది. డిశ్చార్జి కాగితము ఇంగ్లీషులో ఉండును, నర్సు మాట అరవములోనో, కన్నడములోనో ఉండును. మన తరగతులలో ఈ భాషలు తెలిసిన పిల్లలు తక్కువేమియు లేరు. అట్టివారి పేర్లు ఆఫీసులో ఒక రిజిస్టరులో ఉన్నచో, ఊరివారు బయలుదేరుటకు ముందే వచ్చి ఒకరిని తోడడుగుదురు. జూనులో కళాశాల తెరచిన పిమ్మట జరుగు మొదటి కమిటీ సమావేశమున దీనిని చర్చకు పెట్టగోరుచున్నాము. దరఖాస్తు నమూనాను, డాక్టరును అడుగవలసిన ప్రశ్నల చీటిని తెలుగులో మేము వ్రాసియిత్తుము. ఉర్దూ ప్రతిని ఉర్దూ శాఖవారు సిద్ధపరచెదమని మాట ఇచ్చియున్నారు.