నాన్న జీపు అమ్మేటప్పుడు



కొత్తవలస నుండి శృంగవరపుకోట మీదుగా అరకు ఎక్కే రోడ్డు మీద ఒకప్పుడు జీపుదే రాజ్యము. కొత్తవలస నుండి కిరండూల్ దాకా రైలు మార్గము 1960లలో పడినా, స్టేషనులో దిగాక లోపలి ఊళ్లకు సంతకైనా, పెళ్లికైనా, ఆసుపత్రికైనా జీపే దిక్కు. అలాంటి జీపులు కొన్ని ఇంకా మన పశువుల శాలల పక్కన గడ్డికుప్ప చాటున నిలబడి యున్నవి. ఈ మధ్య పిల్లలు వాటిని బయటికి లాగి, టింకరింగు చేయించి, రంగు వేయించి, సీట్లు కుట్టిస్తున్నారు. విశాఖపట్నము నుండో హైదరాబాదు నుండో ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఇంట్లో వాళ్లు కలలో కూడా అనుకోని ధర చెబుతాడు. ఈ నెల ఆ బేరము గురించే మాట్లాడుకుందాము.

ఆ వచ్చినాయన మొదట అడిగేది, "ఇది అమెరికా జీపేనా?" అని. ఆ ఒక్క మాట మీద ధర ఎంతో మారిపోతుంది. రెండవ ప్రపంచ యుద్ధములో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. మహీంద్రా వారు 1940ల చివరిలో బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడము మొదలుపెట్టి, తరువాత ఇక్కడే తయారు చేశారు. మన వైపు తిరిగినవి ఎక్కువగా ఈ మహీంద్రావే. తేడా పోల్చడము కష్టము కాదు. యుద్ధకాలపు జీపుకు ముందు జాలీలో తొమ్మిది సందులుంటాయి, బానెట్టు పల్లముగా ఉంటుంది, వెనుక తెరిచే తలుపు ఉండదు. తరువాత వచ్చిన పౌర జీపులకు ఏడు సందులు, వెనుక తలుపు ఉంటాయి. మనకు బాగా తెలిసిన ఎత్తు బానెట్టు మహీంద్రా ఈ రెండవ జాతిది. ఫోర్డు వారైతే తమ బోల్టుల తలల మీద కూడా ఇంగ్లీషు ఎఫ్ అక్షరము అచ్చు వేసేవారు. అందుకే తెలిసిన కొనుగోలుదారు టార్చిలైటు పట్టుకొని బండి కింద దూరుతాడు. ఆయన దూరినందుకు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

జాలీ మార్చి, ఆకుపచ్చ రంగు పూసి, తెల్ల నక్షత్రము వేయిస్తే మహీంద్రా జీపు యుద్ధపు జీపు అయిపోతుందా? అమెరికాలోనూ ఇదే తంతు. అక్కడ 1960లలో పెద్ద ఇంజను పెట్టిన వేగపు కార్లకు మజిల్ కార్లని పేరు. పాంటియాక్ జి.టి.ఓ. వాటిలో పేరున్నది. 1964, 65 సంవత్సరాలలో జి.టి.ఓ. అనేది వేరే మోడలు కాదు, మామూలు కారుకు అదనముగా డబ్బిచ్చి పెట్టించుకునే సరంజామా. కనుక ఆ రెండేళ్ల కార్ల మీది నంబరు చూసి అది అసలైన జి.టి.ఓ. అని చెప్పలేరు. మామూలు కారుకు బాడ్జీలు అతికించి అసలుదని అమ్మినవారు ఎందరో. అందుచేత అక్కడ కొనేవాడు కంపెనీ పాత కాగితము అడుగుతాడు, ఇంజను మీది నంబరును దానితో సరిచూస్తాడు.

మనకూ కాగితమే ఆధారము. ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో కలవవలెను. మన జీపులలో చాలావాటికి పెట్రోలు ఖర్చు భరించలేక ఎప్పుడో డీజిలు ఇంజను ఎక్కించారు. దానికి రవాణా శాఖ అనుమతి తీసుకొని ఆర్.సి.లో వ్రాయించారా లేదా అన్నది బేరమునకు ముందే చూసుకోవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను పెట్టింది. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను మార్చనివాటికే అది. అలా రిజిస్టరైన బండి ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు తప్ప రోజూ తిరగడానికి కాదు. డీజిలు ఎక్కించిన జీపును "వింటేజి అవుతుంది, నాదీ పూచీ" అని అమ్మితే అది అబద్ధపు పూచీ. పుట్టీ సంగతి కూడా అంతే. గుడ్డ చుట్టిన అయస్కాంతము బాడీ మీద జరిపితే ఎక్కడ రేకు, ఎక్కడ పుట్టీ అన్నది తెలిసిపోతుంది. కొనేవాడు కనిపెట్టేలోపు మీరే ఆ చోటు చూపిస్తే బేరములో కొంత తగ్గవచ్చు, తరువాత మాట పడనక్కరలేదు.

ఇక అసలు చిక్కు. బండి ఎవరిది? చాలా ఇండ్లలో ఆర్.సి. ఇంకా చనిపోయిన నాన్నగారి పేరనే ఉంటుంది. పెద్దకొడుకు రిపేరు ఖర్చు పెట్టాడు కనుక తనదే అనుకుంటాడు. చట్టము అలా అనదు. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారతీయ వారసత్వ చట్టము వర్తిస్తుంది. తండ్రి విల్లు వ్రాయకుండా చనిపోతే మూడవ వంతు అమ్మది. మిగిలిన రెండు వంతులలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన భాగము. అత్తవారింట ఉన్న అప్పచెల్లెళ్లకు జీపు అమ్మిన సంగతి ఊళ్లోవాళ్ల నోట తెలియకూడదు. ముందు ఫారము 31 మీద బండిని వారసుల పేరుకు మార్పించండి. అందుకు మిగతావారి సమ్మతి అడుగుతారు, ఆ సంతకానికి వెళ్లినప్పుడే ధర చెప్పండి. రిపేరుకైన ఖర్చు బిల్లులు చూపించి ముందుగా తీసుకొంటానంటే ఏ అప్పచెల్లెలూ కాదనదు. బిల్లులు లేకపోతేనే మాటలు పెరుగుతాయి.

డబ్బు చేతిలో పడగానే తాళము ఇచ్చి పంపేయకండి. ఫారము 29, ఫారము 30 మీద సంతకాలు జరగవలెను. ఒకే రాష్ట్రములోనైతే అమ్మినవారు పద్నాలుగు రోజులలో రవాణా కార్యాలయమునకు తెలియజేయవలెను. ఖాళీ ఫారముల మీద సంతకము పెట్టి ఇవ్వడము మన వైపు మామూలైపోయింది, అది ఎంత ప్రమాదమో చెప్పనలవి కాదు. చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదము కేసులో, రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారము వారిదే బాధ్యత అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమ్మేశాను అన్న మాట అక్కడ చెల్లలేదు. ఘాటు రోడ్డు మీద ఎవరో తోలుతూ మనిషిని గుద్దితే, ఆ నోటీసు మీ ఇంటికి, మీ అమ్మగారి పేర రావచ్చు.

రిజిస్ట్రేషను గడువు తీరిన బండి అయితే, ఆ రెన్యూవలు ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారు, జీపు వంటి తేలిక వాహనాలకు ఆ రుసుమును 10,000 రూపాయలు చేశారు. అమ్మిన రోజు, గంట వ్రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒక రసీదు తీసుకొని, కొన్నవారి ఆధారు నకలు దానికి కుట్టి ఉంచండి. ఆన్‌లైనులో బండి నంబరు కొట్టి చూసి, పేరు మారిందని తెలిసేదాకా ఆ రసీదు ఇనప్పెట్టెలోనే ఉండనివ్వండి.