పెద్దమనుషుల కాగితంతో పెళ్లి రద్దు కాదు

మన పల్లెల్లో ఆలుమగలకు పొసగకపోతే పెద్దమనుషులు కూర్చొని స్టాంపు కాగితం మీద ‘విడాకులు’ రాయిస్తారు. ఆ కాగితం చూపించి, రెండో పెళ్లి జరిపించమని కాపరులను అడుగుతారు.

అయితే క్రైస్తవ వివాహాన్ని పెద్దలు గాని, సంఘం గాని, కాపరి గాని చట్టప్రకారం రద్దు చేయలేరు. 1869 నాటి విడాకుల చట్టం ఆ అధికారాన్ని కోర్టుకే ఇచ్చింది. చర్చి ఇచ్చిన రద్దు చెల్లదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. భార్య బ్రతికుండగా, కోర్టు డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లాడితే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు. మొదటి పెళ్లి దాచి చేసుకుంటే 10 ఏళ్ల వరకు.

“చట్టం లోకసంబంధమైనది, మనకెందుకు?” అంటారు కొందరు. మలాకీ 2వ అధ్యాయం చదవండి. యౌవనంలో పెళ్లాడిన భార్యకు ద్రోహం జరిగితే సాక్షిగా నిలిచేది దేవుడే. ఆమె పుట్టింట్లో పిల్లలతో కన్నీళ్లు పెడుతుంటే, ఇక్కడ మనం ఏ నోటితో ఆశీర్వదిస్తాం? రెండో పెళ్లికూతురికీ అన్యాయమే. ఆమెకు భార్య అన్న హక్కే దక్కదు.

కాబట్టి కోర్టు డిక్రీ చూడనిదే సంఘంలో పెళ్లి ప్రకటన చదవవద్దు. పెళ్లివారు అలిగినా సరే, దేవుని ఎదుట అబద్ధమాడవద్దు. ప్రభువు మన కుటుంబాలను కాపాడును గాక. ఆమేన్.